నెమ్మదిగా నడిపితే బోటు పాములెక్క వంకర్లు పోతుంది. స్టీరింగ్ మార్చాల్నా?

తూముకాడ (ములుగు):
16 అడుగుల ఫైబర్ బోటు, అడుగు వి షేపు. వెనక 40 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ మోటారు, కేబుల్ స్టీరింగ్. స్పీడుమీద సక్కగనే పోతది. జెట్టీకి తెచ్చేటప్పుడు, దీవుల నడుమ సందుల్ల మెల్లగ నడిపేటప్పుడు మాత్రం ముక్కు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతనే ఉంటది. స్టీరింగ్ తిప్పితే వెంటనే వినదు, విన్నంక ఆగదు. ముందు సీట్లల్ల నలుగురు కూసుంటే ఇంకా ఎక్కువ. మెకానిక్ స్టీరింగ్ సెట్ మొత్తం మార్చాలంటున్నడు. అదేనా సంగతి?

మానేరు_ఒడ్డు (కరీంనగర్):
అన్నా, డబ్బులు పెట్టేముందు ఒకటి చూడుండ్రి. బోటు ఎప్పుడూ ఒక్క దిక్కే లాగుతుందా, రెండు దిక్కులా ఊగుతుందా? ఒక్క దిక్కే అయితే కథ వేరు. మీది రెండు దిక్కులా అంటున్నరు కాబట్టి చాలావరకు అది బోటు గుణమే.

ఔట్‌బోర్డ్‌కు చుక్కాని ఉండదు. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే నీళ్ల జోరే చుక్కాని పని చేస్తది. ఐడిల్ మీద ఇంజన్ నిమిషానికి 700–900 చుట్లు తిరిగితే ఆ జోరు తక్కువ, అందుకే తిప్పినా ఆలస్యంగ వింటది. ఇంకో కారణం అడుగు షేపు. స్పీడుల ముక్కు లేస్తది, వెనక భాగమే నీళ్లల్ల ఉంటది, పట్టు వెనకనే ఉంటది కాబట్టి దారి తప్పదు. మెల్లగ పోతే వి అంచు ముందునుంచి మొత్తం మునుగుతది. నీళ్ల పట్టు బోటు బరువుకన్నా ముందుకు జరుగుతది. అప్పుడు ముక్కు కొద్దిగ పక్కకు మళ్లినా నీళ్లు దాన్ని ఇంకా అటే నెడతయి. ముందు నలుగురు కూసుంటే ఎక్కువయ్యేది ఇందుకే.

అందుకని మొదటి మందు బరువు సర్దుడే. ఇద్దరిని వెనక సీట్లకు పంపుండ్రి, బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు వెనక పెట్టుండ్రి. 25 లీటర్ల పెట్రోల్ అంటే దాదాపు 18 కిలోలు. బోటు అడుగున చేరిన నీళ్లు తోడేయుండ్రి. 100 లీటర్లంటే 100 కిలోలు, అదీ ఊగుతా ఉండే బరువు. కానీ వెనక మరీ ఎక్కువ వేస్తే ట్రాన్సమ్ (మోటారు బిగించే వెనక గోడ) మీదికి నీళ్లొస్తయి, అది చూసుకోవాలె.

పంకా_మరమ్మతు (హనుమకొండ):
పైన చెప్పింది కరెక్టే. అయినా స్టీరింగ్‌లో లూజు ఉంటే ఆ ఊపు రెట్టింపవుతుంది కాబట్టి చెక్ చేయడం మంచిది. మార్చడం తర్వాత మాట.

ఇంజన్ ఆపి, ఒకరు చక్రం గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు మోటారును అటూ ఇటూ ఊపాలి. చక్రం కదలకుండా మోటారు ఆడితే లూజు ఎక్కడో వెతకండి. ఎక్కువసార్లు దొరికేది కేబుల్ చివర మోటారును పట్టుకునే లింకు బోల్టు దగ్గర, లేదా బ్రాకెట్ బుష్‌లలో. కేబుల్ రాడ్డు పోయే టిల్ట్ ట్యూబ్‌లో గ్రీజు ఎండితే అసలు బిగుసుకుపోతుంది. అది లూజుకన్నా చెడ్డది, చక్రం ఒక్కసారిగా ఎక్కువ తిరుగుతుంది. గ్రీజు కొట్టేముందు రాడ్డును పూర్తిగా లోపలికి తీసుకోవాలి. బయట ఉండగా కొడితే గ్రీజు లోపల అడ్డుపడి స్టీరింగ్ లాక్ అవుతుంది.

తర్వాత స్కెగ్, అంటే ప్రొపెల్లర్ కింద ఉండే రెక్క. మన చెరువుల్లో ఎండాకాలం నీళ్లు దిగితే రాళ్లు, మోళ్లు బయటపడతాయి, స్కెగ్ విరగడం సాధారణం. సగం రెక్క పోతే నెమ్మది స్పీడులో తేడా బాగా తెలుస్తుంది. అల్యూమినియం వెల్డింగ్ చేయించవచ్చు, కవర్‌లా తొడిగే ప్లేటూ దొరుకుతుంది. గుర్రపుడెక్క వేర్లు చుట్టుకున్నాయేమో కూడా చూడండి.

మోటారు ఎత్తు కూడా. ప్రొపెల్లర్ పైన ఉన్న అడ్డపు ప్లేటు బోటు అడుగు గీతకు సమంగా, లేదా 25 మి.మీ. లోపు పైన ఉండాలి. అంతకన్నా పైన ఉంటే గాలి తాగుతుంది, పట్టు పోతుంది.

తూముకాడ:
స్కెగ్ మంచిగనే ఉంది. లింకు బోల్టు దగ్గర కొద్దిగ ఆట ఉంది. ఒక దిక్కే లాగితే ట్రిమ్ ట్యాబ్ (ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్క) తిప్పాలంటరు, అది చేస్తే వంకర్లు పోతయా?

పంకా_మరమ్మతు:
పోవు. ఆ చిన్న ట్యాబ్ స్పీడులో చక్రం ఒక దిక్కుకు బరువెక్కడాన్ని సరిచేయడానికి. కుడివైపు తేలిగ్గా తిరిగితే వెనక నుంచి చూస్తూ ట్యాబ్ తోకను కుడికి జరపాలి. నెమ్మదిగా పోయేటప్పుడు దానిమీద నీళ్ల ఒత్తిడే ఉండదు. లింకు బోల్టును లాక్ నట్టుతో సరిచేసుకోండి, సెట్ మార్చే పని లేదు.

మానేరు_ఒడ్డు:
ఇగ నడిపే తీరు. ముక్కు పోయిన వెంటనే చక్రం పెద్దగ తిప్పితే మనమే ఊపు పెంచుతం. కొంచెం తిప్పి, బోటు మళ్లడం మొదలైతుండగనే చక్రం నడిమికి తేవాలె. సక్కగయ్యేదాకా ఆగితే ఆలస్యమే. చూపు ముక్కు మీద కాదు, కట్ట మీద ఉన్న ఒక చెట్టు మీద పెట్టుండ్రి, ఎంత తప్పుతుందో అప్పుడే తెలుస్తది. జెట్టీ దగ్గర న్యూట్రల్‌ల చక్రం తిప్పి, 2–3 సెకన్లు గేరేసి తీయుండ్రి. గేరేయకుండ చక్రం ఎంత తిప్పినా నీళ్ల జోరు లేక బోటు మళ్లదు. రివర్స్‌ల సాధారణ ప్రొపెల్లర్ బోటు తోకను కొంచెం ఎడమకు లాగుతది, అందుకని ఎడమపక్క జెట్టీకి ఆనించుడు సులువు.

ఆ అడ్డపు ప్లేటుకు బిగించే నిలువు చుక్కాని రెక్కలు దొరుకుతయి, వాటితో నిజంగ తేడా ఉంటది. అడ్డంగ ఉండే హైడ్రోఫాయిల్ మాత్రం దీనికి పనికిరాదు, అది ముక్కు లేవడానికి సంబంధించింది. కొందరు వెనక బకెట్ కట్టి లాగుతరు. బకెట్ లాగుడు వల్ల తోక నిలుస్తది గానీ, రివర్స్ వేస్తే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటది. జనాలతోటి నడిపే బోటుకు అది వద్దు.