ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో కొత్త ఉద్యోగం: కౌంటరా, ఫైళ్ళా?

ప్రశ్న: కొత్తకొలువు_డాలస్

నమస్తే అండి. గ్రీన్ కార్డ్ వచ్చాక మళ్ళీ ఉద్యోగాల వేటలో పడ్డాను. డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో ఫైనాన్షియల్ ఎయిడ్‌లో, అంటే పిల్లల చదువుకి డబ్బు సాయం చూసే ఆఫీసులో, తీసుకుంటామన్నారు. హైదరాబాద్‌లో బ్యాంకులో చేసిన అనుభవం ఉంది, ఈ రంగం మాత్రం బొత్తిగా కొత్త. రెండు ఖాళీలున్నాయట. ఒకటి వెరిఫికేషన్ ఫైళ్ళు చూసేది, అంటే పిల్లలు అప్లికేషన్‌లో రాసిన వివరాలు నిజమో కాదో కాగితాలతో సరిచూడ్డం. సాఫ్ట్‌వేర్ నేర్పించి కూర్చోబెడతారు, జీతం కాస్త ఎక్కువ. రెండోది ఫ్రంట్ కౌంటర్. అందులో చేరితే డైరెక్టర్ గారే దగ్గరుండి ఫెడరల్ నిబంధనలు నేర్పిస్తానన్నారు, నాస్ఫా (ఎయిడ్ ఆఫీసు ఉద్యోగుల సంఘం) కోర్సుల ఫీజు కూడా కాలేజీదే. మావారు మొదటిదానికే ఓటు. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళెవరైనా సలహా ఇస్తారా?

జవాబు: శాన్‌మార్కస్_సత్యవతి

కౌంటర్ తీసుకో తల్లీ. మీవారితో నేను చెప్పానని చెప్పు.

ఎఫ్‌వన్ మీద చదువుకునే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం కింద ఎయిడ్ ఆఫీసు కౌంటర్‌లో కూర్చున్నాను, ఇప్పటికీ ఈ రంగంలోనే ఉన్నాను. నా మొదటి బాస్ టెక్సాస్ పల్లెటూరి ఆవిడ. మొదట్లో నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. కాగితం, కాలిక్యులేటర్, కాలేజీ క్యాలెండర్ ముందు పడేసి, మధ్యలో చదువు మానేసిన పిల్లల లెక్కలు చేతితో కట్టించేది. మానేసినవాడికిచ్చిన ఫెడరల్ సాయంలో ఎంత వాడిది, ఎంత వెనక్కి పోవాలి అని తేల్చే ఈ లెక్కల్నే మేం ఆర్‌టూటీఫోర్ అంటాం.

ఒక లెక్క చూడు. సెమిస్టర్ 115 రోజులు. మధ్యలో స్ప్రింగ్ బ్రేక్, శని ఆదివారాలతో కలిపి 9 రోజులు. వరసగా ఐదు రోజులు, అంతకు మించి సెలవులుంటే లెక్కలోంచి తీసెయ్యాలి, కాబట్టి మిగిలింది 106. బ్రేక్‌కి ముందే, 53వ రోజున పిల్లాడు మానేశాడు. అంటే సరిగ్గా సగం. పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) 3,000 డాలర్లయితే వాడు సంపాదించుకున్నది 1,500. బ్రేక్ తీసెయ్యడం మర్చిపోయి 115తో భాగించావో, 46.1 శాతం వస్తుంది, పిల్లాడికి 117 డాలర్లు తగ్గిపోతాయి. మిగతా సగంలో కాలేజీ తన వాటా ప్రభుత్వానికి వెనక్కి కట్టి, ఆ బిల్లు వాడి పేరునే వేస్తుంది.

ఈ లెక్క సాఫ్ట్‌వేర్ కూడా చేస్తుంది, కాదనను. కానీ సెమిస్టర్‌లో 60 శాతం దాటితే గ్రాంటు మొత్తం పిల్లాడిదే. ఇక్కడ అది 64వ రోజు. మానేస్తానని ఫారం పట్టుకుని వచ్చినవాడితో "బాబూ, సెలవులు పోను ఇంకో పదకొండు రోజులు క్లాసులకి రాగలవా?" అని అడగాలంటే ఆ లెక్క నీ బుర్రలో ఉండాలి. ఫారం తీసుకుని స్టాంపు గుద్దేవాళ్ళకి ఆ ప్రశ్న తట్టదు. అలాంటివాళ్ళు మంచివాళ్ళే, కష్టపడతారు కూడా. కాకపోతే ఏ మీట నొక్కాలో తప్ప ఎందుకు నొక్కాలో వాళ్ళకెవరూ చెప్పలేదు.

2023 చివర్లో ఇది బాగా బయటపడింది. అప్పటికి కొన్నేళ్ళుగా అక్టోబర్ 1న తెరుచుకుంటూ వచ్చిన ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పిల్లలు పెట్టుకునే అప్లికేషన్), ఆ ఏడు డిసెంబర్ 30 దాకా తెరుచుకోలేదు. ఎవరికెంత సాయమో తేల్చే అంకె ఒకటుంటుంది, అందులో పాత ఈఎఫ్‌సీ పోయి కొత్తగా ఎస్‌ఏఐ వచ్చింది. పిల్లల వివరాలు కాలేజీలకి చేరేసరికి మార్చి. అన్నిటికన్నా మన ఇళ్ళకి తగిలిన దెబ్బేమిటంటే, పాత సూత్రంలో ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వాటాని రెండుగా పంచేవారు, కొత్తదాంట్లో అది లేదు. "పెద్దదానికి పోయినేడు వచ్చింది, ఈ ఏడు ఏమైంది?" అని ఫోన్లు. పాత సూత్రం లోపల ఏముందో తెలిసినవాళ్ళు రెండు ముక్కల్లో చెప్పగలిగారు. తెరమీద అంకెలు మాత్రమే చూసినవాళ్ళు "సిస్టమ్ అలా చూపిస్తోందండీ" దగ్గర ఆగిపోయారు.

ఇంకోటి. ఒకే ఇంట్లో అన్నయ్య గుంటూరులో పుట్టి హెచ్‌ఫోర్ వీసా మీద ఉంటాడు, చెల్లెలు ఇక్కడే టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో పుట్టింది కాబట్టి అమెరికా పౌరురాలు. అన్నయ్యకి ఫెడరల్ సాయం లేదు. చెల్లెలికి ఉంటుంది, తల్లిదండ్రులు హెచ్‌వన్ మీదున్నా సరే. "మాకే గ్రీన్ కార్డ్ లేదు, దానికెలా ఇస్తారు?" అని అసలు అప్లై చెయ్యని తెలుగువాళ్ళు ఎంతమందో! వాళ్ళు ఫైల్‌లో కనబడరమ్మా, ఫైలే ఉండదు కదా. కౌంటర్ దగ్గరికి వేరే పనిమీద వస్తారు.

జవాబు: బర్సర్_బాబాయ్, ఒహాయో

సత్యవతి గారితో సగమే ఏకీభవిస్తాను. కౌంటర్‌లో ఆగస్టు నెల ఎలా ఉంటుందో ఆవిడ చెప్పలేదు. ఫీజు గడువు రోజున లైన్ తలుపు బయటదాకా ఉంటుంది, తిట్లన్నీ మీకే. చదువుకోడానికి టైమ్ ఎక్కడిది? మా దగ్గర కౌంటర్‌లో చేరినవాళ్ళు చాలామంది నిలవలేదు. వెరిఫికేషన్‌లో కూర్చుంటే రోజూ ట్యాక్స్ రిటర్నులు చూస్తారు, బ్యాంకు అనుభవం పనికొస్తుంది. నేర్చుకునే బుద్ధి ఉంటే ఎక్కడైనా నేర్చుకోవచ్చు.

జవాబు: స్కాలర్‌షిప్_సెక్షన్, కరీంనగర్

అమెరికా సంగతి నాకు తెల్వదు గానీ, డిగ్రీ కాలేజీల ఈపాస్ (సర్కారు స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్) పని చేస్తున్న. మాకు ట్రైనింగ్ అంటూ ఏం లేదు మేడమ్, పాత సీనియర్ అసిస్టెంట్ ఏం చెప్తే అదే. ఆయన నాకు నేర్పింది ఒక్కటే: ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, మెమో, మూడింట్ల పేరు ఒక్క తీరుగ ఉందా లేదా అప్లై చేయకముందే చూడు అని. ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఇంకోదాంట్ల వెనుక ఉంటే మీసేవల వేలిముద్ర కాడ పిల్లలు తిరుగుడే తిరుగుడు. ఇప్పటికీ నేను చేసేది గదే.

జవాబు: శాన్‌మార్కస్_సత్యవతి

కరీంనగర్ తమ్ముడూ, మీ సీనియర్ గారికి నమస్కారం. మేమూ అదే పని చేస్తాం, ఇక్కడ దాన్ని పరస్పర విరుద్ధ సమాచారం అంటారు. ఫాఫ్సాలో అమ్మానాన్న కలిసున్నారని ఉంటుంది. కౌంటర్ దగ్గర పిల్ల మాటల్లో "నాన్న హ్యూస్టన్‌లో వేరే ఉంటారు" అంటుంది. విన్నాక విననట్టు ఊరుకోడానికి చట్టం ఒప్పుకోదు, తేల్చాకే డబ్బు విడుదల చెయ్యాలి. బాబాయ్ గారూ, ఆగస్టు సంగతి నిజమే, నేనూ తిట్లు తిన్నాను. అయితే ఆ అమ్మాయికి మీరు చెప్పిన ఫైళ్ళ సీటు వచ్చే ఏడాదీ దొరుకుతుంది. దగ్గర కూర్చోబెట్టి నేర్పే డైరెక్టర్ దొరకడం కష్టం.

ప్రశ్న వేసినవారు: కొత్తకొలువు_డాలస్

అందరికీ థ్యాంక్స్ అండి. అక్కా, చేరేలోపు ఏమైనా చదవనా?

జవాబు: శాన్‌మార్కస్_సత్యవతి

ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ హ్యాండ్‌బుక్ నెట్‌లో ఉచితమే. మొదటి సంపుటం అర్హతల మీద, అది చదువు. తర్వాత ఐదోది, మానేసినవాళ్ళ లెక్కలు. మధ్యవి ఇప్పుడు చదివినా బుర్రకెక్కవు. బాబాయ్ గారి మాట కూడా కొట్టిపారెయ్యకు: వారంలో ఇన్ని గంటలు కౌంటర్ మూసి నేర్పిస్తామని డైరెక్టర్ గారిచేత ఈమెయిల్‌లో రాయించుకో, ఆఫర్ మీద సంతకం పెట్టకముందే. నోటిమాట అయితే ఆగస్టు వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.