పెడల్ స్టీల్ గిటార్: 6వ తీగ సరైన శ్రుతికి తిరిగి రావడం లేదు. తప్పు స్ప్రింగుదా, నట్ దగ్గరా?

అందరికీ నమస్కారం. నాది 10 తీగల ఆల్‌పుల్ పెడల్ స్టీల్ (పెడళ్లు, మోకాలి లీవర్లు రాడ్లను లాగి తీగల శ్రుతిని పెంచే, దించే గిటార్), ఈ9 అనే శ్రుతి అమరికలో ఉంది. మిగతా తీగలన్నీ బాగున్నాయి, చిక్కంతా 6వ తీగతోనే. దాని అసలు స్వరం జీ షార్ప్. దాన్ని ఏ స్వరానికి పెంచే బీ పెడల్ తొక్కి వదిలితే జీ షార్ప్ కొంచెం తగ్గి నిలుస్తోంది. అదే తీగను మోకాలి లీవర్‌తో ఎఫ్ షార్ప్‌కి దించి వదిలితే జీ షార్ప్ కంటే నాలుగైదు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైన ఆగుతోంది. నెమ్మదైన పాటలో ఇది చెవికి బాగా తెలిసిపోతుంది.

పెడల్ తొక్కి పట్టి ఛేంజర్ (తీగల చివర శ్రుతి మార్చే యంత్రభాగం) వైపు టార్చి వేసి చూశాను. తీగను దించే ఫింగర్ (ఛేంజర్‌లో కదిలే లోహపు ముక్క) తన స్టాప్‌కి ఆనుకుని ఉండాలి కదా, కానీ వెంట్రుకవాసి సందు కనిపిస్తోంది. అంటే ఆ ఫింగర్‌ను స్టాప్‌కి లాగి పట్టే రిటర్న్ స్ప్రింగ్ బలం చాలడం లేదనిపిస్తోంది. కానీ దాన్ని బిగిస్తే లీవర్ మోకాలికి బరువైపోతుందేమోనని భయం.

పెంచితే తగ్గడం, దించితే పెరగడం చూస్తే నట్ రోలర్ (శ్రుతి బిగించే మరల వైపు తీగ ఆనే చిన్న చక్రం) దగ్గర తీగ పట్టేస్తోందేమోనని కూడా అనుమానం. రాడ్లలో కొద్దిపాటి లూజు ఉంది, రాడ్ల చివర శ్రుతి సరిచేసే నైలాన్ నట్లు ఏవీ ముందే లాగి పట్టడం లేదు.

ముందు రోలర్ శుభ్రం చేసి చూడాలా, నేరుగా స్ప్రింగ్ టెన్షన్ పెంచాలా? ఇప్పుడున్నది 0.022 అంగుళాల చుట్టు తీగ (పైన సన్నని తీగ చుట్టినది). 0.020 ప్లెయిన్ తీగకు మారితే స్ప్రింగ్ మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తుందా? ఈ పని చేసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.