అప్‌డేట్: 12 బోర్ పంప్ యాక్షన్ తుపాకీ

కొత్త తుపాకీలో పంపు (తూటా మార్చడానికి ముందుకీ వెనక్కీ ఆడించే పిడి) బిగుసుకుపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. మీరన్నట్టే ప్యాకింగ్ గ్రీజే కారణం. ఖాళీగా ఉందని చూసుకుని విప్పితే, యాక్షన్ బార్ల (పంపు కదలికని లోపలికి అందించే కడ్డీలు) మీద జిగురులా పట్టేసి ఉంది. తుడిచి పల్చగా నూనె రాశాక సాఫీగా ఆడుతోంది. డమ్మీ (మందులేని) తూటాలతో పంపు చివరిదాకా లాగడం, చివరిదాకా నెట్టడం అలవాటు చేసుకుంటున్నా. సగంలో ఆపితే పేలిన తూటా ఇరుక్కుంటుంది మరి. పక్కన పెట్టేముందు తూటా పేలే ఛాంబర్‌లోనూ, మిగతా తూటాలుండే మ్యాగజైన్ గొట్టం మొదట్లోనూ తూటా మిగిలిందేమోనని వేలు పెట్టి చూస్తున్నా. మాది కావలి, ఉప్పుగాలికి తుప్పు టెన్షన్ మాత్రం పోలేదు. రెక్సిన్ కవర్లోంచి తీసేశా, తేమ లోపలే ఉండిపోతోంది.

ఉదయగిరి వైపు చేనున్న మా బావ అప్పుడే అడవి పందుల్ని కొడదాం రమ్మంటున్నాడు. లైసెన్సు ఒక్కటే చాలదు బావా, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అటవీశాఖ అనుమతి తెచ్చుకో అన్నా. మొహం మాడ్చుకున్నాడు.