చేలో రాక్షస గుళ్లు: పురావస్తు శాఖకు అర్జీ పెట్టాలా, వద్దా?

కొండకింద రైతు
కళ్యాణదుర్గం పక్క మాది ఐదెకరాల మెట్ట. చేను నడిమధ్య గుండ్రంగా రాళ్లు, వాటి లోపల నాలుగు బండలు నిలబెట్టి పైన మూతబండ. మా తాత రాక్షస గుళ్లు అనేవాడు. మొన్న రాత్రి గుప్తనిధులోళ్లు గడ్డపారలతో ఒక బండ పెకలించి పోయారు. ఊళ్లో అయ్యవారు అర్జీ పెట్టమంటాడు. పెడితే చేను పోయినట్టే అని మా తమ్ముడు. మీరేమంటారు?

శనక్కాయ
వద్దన్నా. కేంద్రం రక్షిత స్థలమని ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. 2010లో చట్టం సవరించి పెట్టినారు. ఐదెకరాలంటే పక్కకు 140 మీటర్ల పైచిలుకు. మధ్యలోంచి కొలిస్తే దాదాపు చేనంతా అందులోనే. మోటారు షెడ్డు కూడా వేసుకోలేవు.

పాతరాయి
షెడ్డు సంగతి నిజమే. చేను పోతుందనేది మాత్రం పుకారు. ప్రకటించినంత మాత్రాన పట్టా మారదు. నువ్వు చెప్పిన ఆ 1958 నాటి కేంద్ర చట్టంలోనే ఉంది: అడుగు లోతుకు మించి తవ్వకపోతే రక్షిత స్థలంలోనూ సేద్యం చేసుకోవచ్చు. ప్రకటనకు ముందు రెండు నెలల నోటీసు ఇస్తారు, అభ్యంతరం అప్పుడే రాసివ్వొచ్చు.

ఇంక నిధి మాట. ఆ రాక్షస గుళ్లు ఇనుప యుగం సమాధులు, రెండువేల ఏళ్ల పైమాటే. రాయదుర్గం అవతల బ్రహ్మగిరిలో 1947లో అప్పటి పురావస్తు శాఖ పెద్ద వీలర్ ఇలాంటివి తవ్వించాడు. ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. వీటికోసమా అర్ధరాత్రి మేకను కోసేది! ఏ కుండ ఏ ఎముక పక్కన ఉందో తెలిస్తేనే అక్కడ పూడ్చినవాళ్ల కథ తెలిసేది. గడ్డపార పడితే అది పోయినట్టే. అన్నా, పెకలించిన బండను మీరు సర్దబోకండి. ఉన్నదున్నట్టు ఫోటో తీసి, ముందు పోలీసులకు చెప్పండి.

శనక్కాయ
బోర్డు పాతి పోతారు సామీ. రాత్రి కాపలా ఎవరు? మళ్లీ ఈయనే కదా.

పాతరాయి
అది ఒప్పుకుంటా. కాపలా లేని బోర్డు నిధులోళ్లకు దారి చూపించినట్టే. అర్జీలో ఆ మాట కూడా రాయాలి.

కొండకింద రైతు
ఫోటోలు తీసినా. అడుగు లోతంటే శనక్కాయ పంటకు ఇబ్బంది లేదు. కానీ వచ్చే ఏడు చీనీ (బత్తాయి) చెట్లు పెడదామనుకున్నాం, గుంత రెండడుగులైనా తీయాల. గుళ్ల చుట్టూ ఎకరా వదిలి మిగతాది వాళ్ల హద్దులో పడకుండా రాయించుకోవచ్చా? అది తేలితే మా తమ్ముణ్ణి నేను ఒప్పిస్తా.