మొటిమల మందుతో రొసేషియా (ముఖం ఎర్రబడే చర్మ సమస్య) ముదురుతుందా?

మాది మిర్యాలగూడ, నాకు 36 ఏళ్లు. ఈ వయసులో మొటిమలేంటని నవ్వకండి. మెడికల్ షాపులో అడిగి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిళ్లు అడాపలీన్ జెల్ మూడు వారాలు రాశాను. తగ్గకపోగా ముక్కు, బుగ్గలు ఎర్రబడి ఒకటే మంట. వేడి చాయ్ తాగినా, ఎండలోకి వెళ్లినా ముఖం భగ్గుమంటోంది. మా నల్లగొండ ఎండ సంగతి మీకు తెలిసిందే! బ్లాక్‌హెడ్స్ ఒక్కటీ లేవు, మొటిమలైతే అవి ఉంటాయంటారు, అందుకే రొసేషియా ఏమోనని అనుమానం. లోపల ముందే ఉన్నదాన్ని ఈ జెల్‌లు రేపాయా, లేక కొత్తగా తెచ్చిపెట్టాయా? రెండూ ఆపేసి నాలుగు రోజులైంది. డాక్టర్‌కి వచ్చే వారం చూపిస్తాను. ఈలోపు ఎవరికైనా ఇలా జరిగిందా? ఎరుపు తగ్గడానికి ఎన్నాళ్లు పట్టింది? రొసేషియాకి రాసే అజెలాయిక్ యాసిడ్ వాడితే మొదట్లో మండిందా? మా వదిన స్టెరాయిడ్ క్రీము రాయమంటోంది, దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.