షాపులో స్క్రీన్లు పెడితే నిజంగా అమ్మకం పెరుగుతుందా?

గల్లాపెట్టె:
నాది చెప్పుల షాపు. గోడ మీది పోస్టర్లన్నీ తీసేసి నాలుగు స్క్రీన్లు, గుమ్మం దగ్గర ఒక టచ్ కియోస్క్ (కస్టమరే వేలితో నొక్కి వివరాలు చూసుకునే స్క్రీన్ స్టాండు) పెట్టించుకోమని ఒక సంస్థవాళ్లు రెండు నెలలుగా వెంటపడుతున్నారు. బొమ్మ కదిలితే కస్టమర్ ఆగుతాడు, ఆగితే కొంటాడు అంటున్నారు. ఆగడం వేరు, కొనడం వేరు కదా అని నా అనుమానం. పెట్టించుకున్నవాళ్లు, వాటి ముందు నిలబడ్డవాళ్లు చెప్పండి. అమ్మేవాళ్లూ చెప్పొచ్చు, కాకపోతే ఆ సంగతి ముందే ఒప్పుకోండి.

వైరింగ్ మనిషి:
ఒప్పుకుంటున్నా, నేను ఇవి బిగించేవాణ్ణి. నా మాటలో పావు వంతు తగ్గించి వినండి.

పోస్టరు మార్చాలంటే డిజైన్, ప్రింటింగ్, నిచ్చెన ఎక్కే మనిషి. స్క్రీన్‌కి ఇవేమీ అక్కర్లేదు. వాన మొదలైన పది నిమిషాలకే వానాకాలం చెప్పుల బొమ్మ ముందుకు తెచ్చుకోవచ్చు. బ్రాంచీలు ఎన్ని ఉన్నా అన్నిచోట్లా ఒకేసారి మారుతుంది.

జనం చేసే పెద్ద పొరపాటు ఇంట్లో చూసే టీవీ తెచ్చి షాపులో తగిలించడం. దాని వెలుతురు సుమారు 300 నిట్స్ ఉంటుంది. ఎండ పడే అద్దం వెనక పెడితే అందులో ఎదుటి రోడ్డు తప్ప ఏమీ కనపడదు. అక్కడ 2,500 నిట్స్ స్థాయిది కావాలి. పైగా ఇంటి టీవీని రోజంతా నడపడానికి చేయలేదు. నిలువుగా తిప్పి బిగిస్తే వేడి బయటికి పోయే దారి కూడా మారిపోతుంది. షాపుల కోసం చేసే వాటికి 16/7 అనో 24/7 అనో ఉంటుంది, అంటే రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు అని. అది చూసుకుని కొనండి.

కౌంటర్ వెనక:
నేను బట్టల షాపులో సేల్స్‌లో చేస్తాను. స్క్రీన్ తెచ్చిన వారం అందరం దాని ముందు ఫొటోలు దిగాం. తర్వాత అందులో ఏం వేయాలో ఎవరికీ పట్టలేదు. ఆఫర్ అయిపోయి నెల దాటినా అదే తిరుగుతోంది. ఒకావిడ దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి బిల్లింగ్ దగ్గర నా ముందు పెట్టింది. "మీ షాపులో మీ బోర్డే చెబుతోంది కదమ్మా" అంది. ఏమనగలను? మేనేజర్‌కి పాస్‌వర్డ్ తెలీదు, తెలిసినతను ఉద్యోగం మానేశాడు. చివరికి ప్లగ్గు పీకి, ఆ నల్లటి స్క్రీన్ మీదే చేత్తో రాసిన కాగితం అంటించాం. నిజం చెప్పాలంటే ఆ కాగితాన్ని అందరూ ఆగి చదివారు.

వైరింగ్ మనిషి:
అది నిర్వహణ లోపమమ్మా, స్క్రీన్‌ది కాదు. పోస్టరైనా పాతది తీసేయకపోతే అంతేగా.

కౌంటర్ వెనక:
అంతే కాదన్నా. పాత పోస్టరు వెలిసిపోతుంది, అంచులు లేస్తాయి, పాతదని చూసినవాళ్లకే తెలిసిపోతుంది. స్క్రీన్ మీద పాత ఆఫర్ కూడా ఇవాళే పెట్టినట్టు మెరుస్తుంది. తిట్లు మాత్రం నాకు.

ఊరికే చదివేవాణ్ణి:
ఫ్రిజ్ తలుపుల కథ ఎవరూ ఎత్తలేదేంటి? అమెరికాలో వాల్‌గ్రీన్స్ అనే మందుల షాపుల చెయిన్‌లో ఫ్రిజ్‌ల అద్దం తలుపులు తీసేసి, కూలర్ స్క్రీన్స్ అనే కంపెనీ స్క్రీన్ తలుపులు బిగించింది. లోపల ఏముందో బొమ్మలు, మధ్యలో ప్రకటనలు. అద్దంలోంచి ఊరికే కనపడేదాన్ని మూసేసి, దాని బొమ్మ చూపించడం! ఆ రెండు కంపెనీల పొత్తు కాస్తా చెడింది. 2023లో కూలర్ స్క్రీన్స్ వాల్‌గ్రీన్స్ మీద 20 కోట్ల డాలర్ల దావా వేసింది. ఆ డిసెంబర్‌లో షికాగో ప్రాంతంలో వందకు పైగా షాపులకు డేటా ఆపేసింది. తలుపులు ఖాళీ తెరలైపోయాయి. లోపల డ్రింకులున్నాయి, ఏ తలుపు వెనక ఏముందో తెలియాలంటే తెరిచి చూడాల్సిందే. షాపు మీది, తలుపు తాళం ఇంకొకరిది అన్నట్టు అయింది.

వైరింగ్ మనిషి:
దీన్ని నేను సమర్థించను. సరుకు కనపడేచోట స్క్రీన్ అడ్డం పెట్టకూడదు. మా పనిలో కూడా ఇది మొదట చెప్పాల్సిన మాట. చెబితే ఆర్డర్ తగ్గుతుందని ఎవరూ చెప్పరు.

చక్రాల కుర్చీ:
కొనేవాడిగా నా మాట. కియోస్క్ మంచిదైతే నాకు చాలా ఉపయోగం. నా సైజు ఉందో లేదో సేల్స్ అబ్బాయిని నాలుగుసార్లు గోడౌన్‌కి తిప్పకుండా నేనే చూసుకుంటాను. కానీ మొన్న ఒకచోట "మొదలుపెట్టండి" బటన్ స్క్రీన్ పై అంచున ఉంది. కుర్చీలోంచి చెయ్యి చాచినా అందలేదు. పక్కన వెళ్తున్న పిల్లాడిని నొక్కమన్నాను. వాడికీ అందలేదు, ఎగిరి నొక్కాడు. అమెరికా నిబంధనల్లో చేతికి అందాల్సిన ఎత్తు 48 అంగుళాలు మించకూడదని ఉంది, అంటే దాదాపు 122 సెంటీమీటర్లు. గల్లాపెట్టె గారూ, బిగించేముందు ఒక కుర్చీలో కూర్చుని మీరే నొక్కి చూడండి.

మూడో కన్ను:
అందరూ వెలుతురు, ఎత్తు మాట్లాడుతున్నారు. ఆ కియోస్క్ మిమ్మల్ని చూస్తోందా లేదా? కెనడాలో కాడిలాక్ ఫెయిర్‌వ్యూ అనే సంస్థ 12 మాల్స్‌లో దారి చూపే స్క్రీన్ల లోపల కెమెరాలు పెట్టింది. వచ్చినవాళ్ల వయసు, ఆడా మగా లెక్కగట్టడానికట. 2020లో అక్కడి ప్రైవసీ కమిషనర్లు విచారణ ఫలితం బయటపెట్టారు. దాదాపు 50 లక్షల ముఖాల కొలతలు ఒక బయటి సంస్థ దగ్గర పోగుపడి ఉన్నాయి. తలుపు మీద స్టిక్కర్ అంటించాం కదా అని మాల్స్‌వాళ్లు అన్నారు. దారి వెతుక్కునేవాడు తలుపు మీది స్టిక్కర్ చదివి ఒప్పుకున్నట్టా? కమిషనర్లు ఆ వాదన ఒప్పుకోలేదు.

వైరింగ్ మనిషి:
మనిషి వచ్చాడని స్క్రీన్ మేలుకోవాలంటే చిన్న సెన్సర్ చాలు, దానికి కెమెరా అక్కర్లేదు. కెమెరా ఉందంటే ఎందుకని అడగాల్సిందే.

గల్లాపెట్టె:
అందరికీ థాంక్స్. నాలుగు స్క్రీన్లు వద్దనుకుంటున్నాను. గోడకు పోస్టర్లే ఉంటాయి. సైజులు, స్టాకు చూపించే కియోస్క్ ఒక్కటి ఆలోచిస్తాను, స్టాకు సరిచేసే పని మా తమ్ముడికి అప్పజెప్పి. కుర్చీలో కూర్చుని కూడా చూస్తాను సార్.

ఇందాకే ఆ సంస్థవాళ్లకు ఫోన్ చేసి కెమెరా సంగతి అడిగాను. "ఉంటుంది సార్, కానీ ఆఫ్‌లో ఉంటుంది" అన్నారు. మరి పెట్టడం ఎందుకంటే, పైవాళ్లను అడిగి చెబుతామన్నారు.

వైరింగ్ మనిషి:
ఆఫ్‌లోనే ఉంటుందంటే దాని వైరు పీకి ఇమ్మనండి. ఏమంటారో ఇక్కడ రాయండి.