నాలుగో తరగతికి తాటాకు రాత: చరిత్ర పాఠమా, చేతిపని పీరియడా?

నాలుగోక్లాసు
మాది విశాఖ వైపు బడి. 4, 5 తరగతులు కలిపి 32 మంది పిల్లలు. పరిసరాల విజ్ఞానంలో పాతకాలం సంగతులు వచ్చేచోట తాటాకు మీద రాయిద్దామని ఉంది. మూడు పీరియడ్లు దొరుకుతాయి, ఒక్కోటి 45 నిమిషాలు. తోటి టీచర్లలో సగం మంది భలే ఉంటుందన్నారు, సగం మంది ముందు గుణింతాలు రానివ్వండన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి: ఆకు ఎలా సిద్ధం చెయ్యాలి? దీనివల్ల చదవడం, రాయడం ఏమైనా మెరుగవుతాయా, ఫొటోలకే పనికొస్తుందా?

గంటం
తప్పకుండా చేయించండి. అందరూ బోల్తా పడేది ఆకు దగ్గరే కాబట్టి ముందు అది.

ముదురాకు విరిగిపోతుంది. మరీ లేతది ఎండితే ముడుచుకుంటుంది. అప్పుడప్పుడే విచ్చుకున్న మట్ట కావాలి. ఆనందపురం, భీమిలి వైపు గీత పనివాళ్ళని అడిగితే దించి ఇస్తారు. నడిమి ఆకులే తీసుకోండి. ఈనె తీసేస్తే ఒక్కో ఆకుకి రెండు పట్టీలు వస్తాయి. పొడవు 8 అంగుళాలు, వెడల్పు అంగుళంపావు. పిల్లకి రెండు చొప్పున 64, చెడిపోయేవాటికి 16, మొత్తం 80. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, రెండు చెంచాల పసుపు వేసి అరగంట ఉడికించండి. నీడన ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే తీసి పుస్తకాల దొంతర కింద నాలుగు రోజులు పెట్టండి. తొందరపడి ఈ నాలుగు రోజులూ ఎగ్గొడితే పట్టీ చుట్ట చుట్టుకుంటుంది, ఆ తర్వాత ఏం చేసినా చదును కాదు.

ఆకు మీద గీసే ఇనప గంటానికి బదులు ఇంకు అయిపోయిన బాల్ పెన్ను చాలు. కాంపాస్ ముల్లు మాత్రం చేతికివ్వకండి. గీసేటప్పుడు అక్షరం దాదాపు కనిపించదు. పిల్లలు కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కుతారు, అక్కడే ఆకు తెగుతుంది. అలా కనిపించదని ముందే చెప్పాలి. మెత్తగా నూరిన బొగ్గు పొడిలో నాలుగు చుక్కల నూనె వేసి రుద్దించండి. పొడిగుడ్డ వేలికి బిగించి పైపైన తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. నూనె ఎక్కువైతే పట్టీ అంతా అలుక్కుపోతుంది, గుడ్డ వదులుగా ఉంటే గీతలోని మసి కూడా లేచి వచ్చేస్తుంది.

మన అక్షరాలు గుండ్రంగా ఎందుకున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. తిన్నగా గీత గీస్తే ఆకు చీలుతుంది.

ఎర్రసిరా
లెక్క చూద్దాం. మూడు పీరియడ్లంటే 135 నిమిషాలు. 8 అంగుళాల పట్టీ మీద నాలుగో తరగతి పిల్లల రాత వరుసకి 15 అక్షరాలు పడుతుంది, రెండు వరుసలైతే 30. అంటే రెండుంబావు గంటలకి 30 అక్షరాలు, అవి కూడా బోర్డు మీద చూసి దించినవి. వత్తులు రాని పిల్లకి ఇందులో వచ్చిందేమిటి? ముగ్గు వేసినట్టు అక్షరం గీసింది, అంతే. మూడో తరగతి దాటేలోగా చదవడం రావాలని 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం మొదలైనప్పటి నుంచీ వింటున్నాం. నాలుగులో కూర్చోబెట్టి మసి పూయిద్దామా?

ఇంకో సంగతి. తాటాకు వల్లే అక్షరాలు గుండ్రమయ్యాయని పిల్లలకి చెప్పకండి. తమిళం కూడా తాటాకు మీదే రాశారు. దానికి నిలువు గీతలూ ఉన్నాయి, అడ్డగీతలూ ఉన్నాయి.

భీమిలి_గాలి
ఒడియా గుండ్రమే కదా మేడమ్.

ఎర్రసిరా
ఆకు ఒకటే అయినప్పుడు ఒడియాకి గుండ్రం, తమిళానికి గీత ఎలా వచ్చాయి? నా మాటే మీరు చెప్పారు.

పాత_పోస్టాఫీసు
సింహాచలంలో 1516 నాటి కృష్ణదేవరాయల శాసనం ఉంది. తెలుగే. రాయి చీలదు కదా, మరి అక్కడెందుకు గుండ్రం?

గంటం
రాతి మీద చెక్కేవాడైనా ఆకు మీద అలవాటైన అక్షరాన్నే చెక్కుతాడు. అందులో ఆశ్చర్యమేముంది?

ఎర్రసిరా
అలా చెక్కాడని మీకెవరు చెప్పారు మాస్టారూ? "పెద్దలు అంటారు" అని చెప్పండి, ఒప్పుకుంటాను. "ఇందువల్లే" అంటే ఒప్పుకోను. చరిత్ర పాఠం అన్నారు కాబట్టే పట్టుబడుతున్నాను.

కొత్త_ఎస్జీటీ
దీన్ని పిల్లల చేతే పరీక్ష చేయించొచ్చు కదండీ. ఉడికించిన పట్టీ ఒకటి, ఉడికించకుండా ఎండబెట్టింది ఒకటి ఇచ్చి, రెండింటి మీదా ఈనె వెంబడి (అంటే పట్టీ పొడవునా) ఒక గీత, ఈనెకి అడ్డంగా ఒక గీత, ఒక సున్నా గీయమనాలి. ఊరికే ఎండినది ఈనె వెంబడి నొక్కితే చీలుతుంది, ఉడికినది అంత తేలిగ్గా చీలదు. ఏం చూశారో రెండు వాక్యాలు రాయమనాలి. పది నిమిషాల పని.

నాలుగోక్లాసు
ఇది నచ్చింది, చేయిస్తాను. కానీ నేనడిగింది అక్షరాల గుండ్రం గురించి కాదండీ. చదవడం, రాయడం సంగతి చెప్పండి.

గంటం
వస్తున్నాను. ఎర్రసిరా మేడమ్ 30 అక్షరాలంటున్నారు. ఆకు మీద చెరిపే వీలుండదు కాబట్టి ముందు పలక మీద రాయాలి. పక్కపిల్ల చదవాలి, చదవలేకపోతే రాసినపిల్ల దిద్దుకోవాలి, మళ్ళీ చదివించాలి. ఇది మొదటి పీరియడు. ఆకు మీదికి ఎక్కించడం రెండోది. పలక మీద మూడుసార్లు రాసినదాన్ని మీరు లెక్కలో వేసుకోలేదు.

మూడోది అసలైనది. తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ ఉండేది కాదు. పిల్లలూ అలాగే ఖాళీ లేకుండా రాస్తారు. పట్టీలు మార్చుకుని, పదం ఎక్కడ ఆగిందో కనిపెట్టి కాగితం మీద విడగొట్టి రాయాలి. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్ల ఇక్కడ చిక్కుకుంటుంది. ఆ పిల్లని చదవగలిగినవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, ఏడెనిమిది అక్షరాల పట్టీ ఇవ్వండి. పదం మొత్తాన్ని చూసి పట్టుకోవడం అలవాటయ్యేది ఇలాంటి పనితోనే. బోర్డు మీద చూసి దించమని నేనెక్కడా అనలేదు.

ఎర్రసిరా
విడగొట్టి చదవడం మంచిదే, ఒప్పుకున్నాను. దానికి కాగితం ముక్క చాలదా? గిన్నె, పొయ్యి, పసుపు, బొగ్గు, నాలుగు రోజుల బరువు, తెల్ల చొక్కాల మీద మసి దేనికి?

నాలుగు కాగితాలతో అయ్యే పని చెప్తాను. హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం నాటి తుఫాను. మన 4, 5 తరగతుల పిల్లలు అప్పటికి పుట్టలేదు, కానీ ఇంట్లో చూసినవాళ్ళున్నారు. "తుఫాను గురించి చెప్పు" అని అడగమంటే "పెద్ద తుఫాను" అనే జవాబు తప్ప ఏమీ రాదు. నాలుగే ప్రశ్నలు పంపండి: ఆ పొద్దున్న ఎక్కడున్నావు? మొదట ఏ చప్పుడు విన్నావు? ఇంట్లో ఏం పోయింది? కరెంటు ఎన్ని రోజులకి వచ్చింది? పెద్దవాళ్ళు మాట్లాడే వేగానికి పిల్ల రాయలేదు. అందుకని ప్రశ్నకి ఒక్క మాట చొప్పున రాసుకు రమ్మనండి. మర్నాడు ఆ నాలుగు మాటల్నీ క్లాసులో నాలుగు వాక్యాలు చేయించండి. వాక్యం ఇంకా రానిపిల్ల చేత ఆ నాలుగు మాటలే చదివించండి. తుఫాను తర్వాత ఊళ్ళోకి వచ్చినవాళ్ళయితే పక్కింటివాళ్ళని అడగమనండి. మనిషిని పోగొట్టుకున్న ఇల్లయితే ఆ పిల్లకి వేరే పని ఇవ్వండి.

గాజువాకలో ఉన్నాయన ఒకలా, మధురవాడలో ఉన్నావిడ ఇంకోలా చెప్తారు. ఎందుకు తేడా వచ్చిందని అడగండి. చరిత్ర పాఠమంటే అదీ.

పాత_పోస్టాఫీసు
ఆ చీటీలు తగిలించడానికి ఒక తాడు కట్టండి. ఏడాదికి 5 సెంటీమీటర్లు పెడితే వందేళ్ళకి 5 మీటర్లు, క్లాసుగోడకి సరిపోతుంది. 1926 ఆంధ్రా యూనివర్సిటీ, 1933 పోర్టు, 1942 ఏప్రిల్ 6 జపాన్ బాంబులు (పేలనిది ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, చూపించొచ్చు), 1948 షిప్‌యార్డులో జల ఉష ఓడ, 2014 హుద్‌హుద్. పిల్లలు చీటీలన్నీ సమదూరంలో పెట్టేస్తారు, స్కేలిచ్చి కొలిపించండి. పోర్టుకీ బాంబులకీ 45 సెంటీమీటర్లే. జల ఉష నుంచి హుద్‌హుద్‌కి 3 మీటర్ల 30. పాతకాలపు బౌద్ధ క్షేత్రం తొట్లకొండ ఎక్కడ పెట్టాలని ఎవరో ఒకరు అడుగుతారు. రెండు వేల ఏళ్ళంటే 100 మీటర్లు, తాడు గేటు దాటి రోడ్డెక్కుతుంది.

భీమిలి_గాలి
ఆ తాడు పట్టుకుని నడిపిస్తే లెక్కల పీరియడు కూడా అయిపోతుంది.

గంటం
హుద్‌హుద్ పని బాగుంది మేడమ్, కాదనను. ఒకటి అడుగుతాను. ఆ చీటీలు గోడెక్కేసరికి ఏ భాషలో ఉంటాయి?

ఎర్రసిరా
తెలుగులో.

గంటం
ఏ తెలుగు? అవ్వ ఇలా చెప్తుంది: "మద్దినేల గాలాగింది, అయిపోనాదనుకున్నాం. మల్లీ అటునుంచి కొట్టీసింది. రేకెగిరిపోనాది." గోడ మీద మాత్రం "మధ్యాహ్నం గాలి ఆగింది. తర్వాత మళ్ళీ వీచింది. పైకప్పు ఎగిరిపోయింది" అని ఉంటుంది. ముప్ఫై రెండు ఇళ్ళ మాట ఒకే మనిషి చెప్పినట్టు మారిపోతుంది. అవ్వ చెప్పిందేమిటో చూడండి. గాలి ఆగిందంటే తుఫాను కన్ను ఊరి మీదికొచ్చిందన్నమాట, కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. "అటునుంచి" అన్న ఒక్క మాటలో ఆ సంగతంతా ఉంది. మీ దిద్దుబాటులో మొదట పోయింది ఆ మాటే.

ఎర్రసిరా
"అటునుంచి" ఉంచుతాను. "ఎగిరిపోనాది" ఉంచను. పరీక్షలో అలా రాస్తే ఎర్రగీత పడేది మీకూ నాకూ కాదు, ఆ పిల్లకి. నోటుపుస్తకంలో ఇంటిమాట దిద్దకుండా వదిలితే తనిఖీకి వచ్చినవాళ్ళు "తప్పులు దిద్దలేదు" అని రాసి పోతారు, దాని కింద సంతకం నేను పెట్టాలి. మీరు తాటాకు ఉడికించుకుంటూ ఎన్ని మాటలైనా చెప్తారు.

గంటం
ఇన్ని రోజులూ ఆకు దండగ, టైము దండగ అన్నది ఇందుకన్నమాట. పిల్ల సొంతంగా రాస్తే దిద్దడానికి మీకు భయం.

ఎర్రసిరా
భయం కాదు, బాధ్యత. ఇంట్లో ఆ మాట ఎలాగూ వస్తుంది. బడిలో మాత్రమే దొరికేది పుస్తకం భాష. అది నేను ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు? ట్యూషన్లు, కథల పుస్తకాలు ఉన్న పిల్లలకి ఎలాగైనా వస్తుంది. రేకుల ఇంటి పిల్లకి నేనొక్కదాన్నే.

కొత్త_ఎస్జీటీ
ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి వారి పటానికి దండేస్తాం, 30న ఇంటిమాటకి ఎర్రగీత పెడతాం. ఆయనదీ ఉత్తరాంధ్రే కదండీ.

ఎర్రసిరా
గిడుగు వారు అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే వాడుక భాష. ఎవరింటి మాట వాళ్ళు రాసుకోమని కాదు.

గంటం
దండ సంగతి వదిలేయండి. "ఏమిటి"ని "ఏటి" అన్న పిల్లని చూసి క్లాసంతా నవ్వితే ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవదు, నోరు తెరవని పిల్ల చదవదు. రేకుల ఇంటి పిల్ల గురించే నేనూ చెప్తున్నాను. అవ్వ మాట తప్పు అని బడి మొదటి రోజే తేల్చేస్తే ఇక అవ్వని చరిత్ర అడగమనడం దేనికి?

ఎర్రసిరా
తప్పు అని నేను అనలేదు. నవ్వనిచ్చే టీచరు తప్పు. వేరు వేరు చోట్ల వేరు మాట అంటున్నాను.

నాలుగోక్లాసు
ఇద్దరూ కాస్త ఆగండి. వేరు వేరు చోట్ల అన్నారు కదా మేడమ్, అలాగే చేస్తాను. చీటీ మీద నాలుగు మాటలు ఇంటి నుంచి వస్తాయి. నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు పుస్తకం భాషలో, అది దిద్దుతాను. తాటాకు పట్టీ మీద మాత్రం అవ్వ అన్న ఒక్క వాక్యం, అన్నది అన్నట్టే. ఖాళీ లేకుండా రాసి మార్చుకుని, విడగొట్టి చదువుతారు. ఏ చీటీలో మాట నోటుబుక్కులో ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఒక్కటే అనుమానం. "ఎగిరిపోనాది", "కొట్టీసింది" ఎలా రాయించాలి? పుస్తకంలో ఉండవు కదా.

గంటం
ఎలా వినిపిస్తే అలా.

ఎర్రసిరా
ఎలా వినిపిస్తే అలా అంటే 32 మందీ 32 రకాలుగా రాస్తారు, ఒకరి పట్టీ ఇంకొకరు చదవలేరు. మీ మూడో పీరియడు అక్కడే ఆగిపోతుంది. మాటని క్లాసంతా గట్టిగా పలకమనండి. "పోనాది": నాకి దీర్ఘం, దికి లేదు. "కొట్టీసింది": టకి ట వత్తు, గుడిదీర్ఘం. "మల్లీ"కి ల కింద ల వత్తే, ళ్ళ కాదు. అవ్వ ళ పలకలేదు కాబట్టి రాయకూడదు. అందరూ ఒప్పుకున్నాక మాటలన్నీ చార్టు మీద ఎక్కించండి. ఆ తర్వాత చార్టుకి భిన్నంగా రాస్తే అది తప్పు, దిద్దండి. ఆకు మీదికెక్కాక దిద్దలేరు, కాబట్టి పలక మీద ఉన్నప్పుడే చూడండి.

భీమిలి_గాలి
మేడమ్ నోట "ఆకు మీదికి" అన్న మాట వచ్చింది, అందరూ గమనించగలరు.

ఎర్రసిరా
మట్టలు ఎక్కడ దొరుకుతాయన్నారు? ఆనందపురమా?